టెక్ సందేహాలు: ఏఎంసీ బిల్లులు గడువు తప్పకుండా వెళ్లాలంటే

ప్రశ్న: విశాఖపట్నంలో లిఫ్టుల నిర్వహణ, మరమ్మతుల పని చేస్తున్నాం. అరవై అపార్ట్‌మెంట్లలో ఒక్కో లిఫ్టుకు ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) ఉంది. ఏడాదికి 36,000 రూపాయలు, దానిపై జీఎస్టీ అదనం. ఎక్కువ మంది మూడు నెలలకోసారి ముందుగా చెల్లిస్తారు. ఇన్నాళ్లూ ఎక్సెల్‌లో తేదీలు చూసుకుని బిల్లులు రాసేవాళ్లం. కిందటి సంవత్సరం ఏడు అపార్ట్‌మెంట్లకు ఒక త్రైమాసికం బిల్లే వెళ్లలేదని మార్చి ఆఖరి వారంలో బయటపడింది. సాఫ్ట్‌వేర్ కొని, బిల్లులు గడువుకు వాటంతట అవే తయారయ్యే రికరింగ్ బిల్లింగ్ పెట్టాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: త్రైమాసికం బిల్లు 9,000, దానిపై 18 శాతం జీఎస్టీ. ఏడు బిల్లులంటే పన్నుతో కలిపి 74,340 రూపాయలు. చేసిన పనికి రావలసిన డబ్బు అది. మెకానిక్ ప్రతి నెలా వెళ్లి గ్రీజు పెట్టి, తలుపులు సరిచూసి వచ్చాడు, కాగితం మాత్రం వెళ్లలేదు. బిల్లు రాయడం మరచిపోయినంత మాత్రాన జీఎస్టీ బాధ్యత కూడా పోదు. పన్ను ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ పడుతుంది. కాబట్టి మీరు ఇప్పుడు తీసుకుంటున్న నిర్ణయం సరైనదే.

అయితే సాఫ్ట్‌వేర్ కొనగానే చాలామంది చేసే పని ఒకటుంది. కస్టమర్ పేరు, మొత్తం, ‘మూడు నెలలకోసారి’ అని నింపి, ఆఖరు తేదీ గడి ఖాళీగా వదిలేస్తారు. అలా పెడితే బిల్లులు క్యాలెండర్‌ను బట్టి పుడతాయి. అవి ఒప్పందాన్ని బట్టి పుట్టాలి. ఈ తేడా మా ఇంట్లోనే చూశాను. నీటిశుద్ధి యంత్రం ఏఎంసీని వద్దని రాతపూర్వకంగా చెప్పి మానేసిన తర్వాత కూడా ఆ సంస్థ నుంచి రెండు బిల్లులు వచ్చాయి, వాటి వెనుకే బాకీ గుర్తుచేసే సందేశాలూ వచ్చాయి. ఫోను చేస్తే అవతలి అమ్మాయి పాపం నిజాయితీగానే చెప్పింది: ‘సిస్టమ్ నుంచి దానంతట అదే వెళ్లిపోతోంది సార్.’ ఒప్పందం ముగిసిందన్న సంగతి బిల్లుకు తెలిసే దారి ఆ సిస్టమ్‌లో లేదు.

అందుకని కంప్యూటర్ ముందు కూర్చునే ముందు అరవై ఒప్పందాల కాగితాలూ బల్ల మీద పెట్టండి. ఒక్కోదానిలో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, చెల్లింపు ముందా వెనకా, ఎన్నో తేదీలోగా, విడిభాగాలు కలిసి ఉన్నాయా లేవా, రెన్యువల్‌లో ధర ఎంత పెరుగుతుంది అన్నవి చూసి రాసుకోండి. ఈ పని రెండు రోజులు పడుతుంది. మొత్తం వ్యవహారంలో విలువైనవి ఆ రెండు రోజులే. జూన్ 16న మొదలైన ఏడాది ఒప్పందం మరుసటి జూన్ 15న ముగుస్తుంది, 16న కాదు. ఆ ఒక్క రోజు తప్పు పడితే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఐదో త్రైమాసికం మొదలైందనుకుని ఇంకో బిల్లు తీస్తాయి.

తర్వాత సాఫ్ట్‌వేర్‌లో మూడింటిని విడివిడిగా నిలబెట్టాలి. ఒప్పందం ఒకటి, మెకానిక్ వెళ్లవలసిన తేదీల పట్టిక ఒకటి, బిల్లుల పట్టిక ఒకటి. మెకానిక్ నెలకోసారి వెళతాడు, బిల్లు మూడు నెలలకోసారి వెళుతుంది. ఈ రెంటినీ ఒకే పట్టికలో కలిపితే, ఒక నెల మెకానిక్ రాక వాయిదా పడినప్పుడు బిల్లు కూడా వాయిదా పడుతుంది. మీ ఏడు బిల్లులు ఇలాగే తప్పిపోయి ఉంటాయని నా అనుమానం.

ఉదాహరణకు ఈఆర్‌పీనెక్స్ట్‌ను తీసుకుందాం. ఇది ముంబయిలో తయారైన, వ్యాపార లెక్కలు చూసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ముందు ‘లిఫ్టు నిర్వహణ’ అనే ఐటమ్‌ను స్టాకు లెక్క లేని సేవగా సృష్టించండి. తర్వాత సబ్‌స్క్రిప్షన్ ప్లాన్‌లో విరామం ‘నెల’, సంఖ్య 3, ధర 9,000 అని ఇవ్వండి. ఆపైన ఒక్కో అపార్ట్‌మెంటుకు ఒక్కో సబ్‌స్క్రిప్షన్ తెరిచి, మొదలు తేదీతో పాటు ముగింపు తేదీ కూడా తప్పనిసరిగా నింపండి. మీరు ముందుగా వసూలు చేస్తారు కాబట్టి బిల్లు కాలవ్యవధి మొదట్లో పుట్టాలని ఎంచుకోవాలి. తయారైన బిల్లును వెంటనే ఖరారు చేసే గడిలో మాత్రం మొదటి రెండు విడతల వరకు టిక్ పెట్టవద్దు. మెకానిక్ తేదీలకు అందులోనే మెయింటెనెన్స్ షెడ్యూల్ అని వేరే పత్రం ఉంది. జోహో బుక్స్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ వాడేట్లయితే రికరింగ్ ఇన్‌వాయిస్ తెరిచినప్పుడు ‘ఎప్పటికీ ముగియదు’ అన్న గడిలో టిక్ తీసేసి ముగింపు తేదీ ఇవ్వండి. అక్కడ కూడా బిల్లులు మొదట డ్రాఫ్టుగా, అంటే ఖరారు కాని చిత్తుప్రతిగా, నిలిచే ఏర్పాటు ఉంది.

డ్రాఫ్టు గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. తప్పు బిల్లు డ్రాఫ్టులో ఉంటే ఒక్క నొక్కుతో పోతుంది. ఖరారై వెళ్లిన తర్వాత అయితే దాన్ని చెరపకూడదు, ఆ మొత్తాన్ని తగ్గించే క్రెడిట్ నోటు రాయాలి, జీఎస్టీ రిటర్నులో చూపాలి. అరవై బిల్లులు ఒకే రాత్రి తప్పుగా వెళ్తే మరునాడు పొద్దున్నే అరవైమంది కార్యదర్శుల ఫోన్లు వస్తాయి.

ఇప్పుడు అసలు చిక్కు. చాలా అపార్ట్‌మెంటు సంఘాలు తమ లెక్కలకు వీలుగా బిల్లును జూలై, అక్టోబరు, జనవరి, ఏప్రిల్ ఒకటో తేదీలకు మార్చమంటాయి. మీ ఒప్పందం 2025 జూన్ 16 నుంచి 2026 జూన్ 15 వరకు అనుకోండి. మొదటి బిల్లు 15 రోజులకే రాయాలి. 36,000ను 365తో భాగించి 15తో గుణిస్తే 1,479.45. దానిపై 18 శాతం పన్ను 266.30. మొత్తం 1,745.75. తర్వాత మూడు త్రైమాసికాలు 9,000 చొప్పున 27,000. చివర ఏప్రిల్ 1 నుంచి జూన్ 15 వరకు 76 రోజులు మిగులుతాయి. రోజుల లెక్కన అయితే వాటికి 7,495.89 వస్తుంది. అన్నీ కూడితే 35,975.34. ఒప్పందంలో ఉన్న 36,000కు 24.66 తక్కువ! మూడు త్రైమాసికాలూ కలిపి 274 రోజులైనా వాటికి రోజుల లెక్క కాకుండా గుండుగుత్తగా 27,000 వేశాం కదా, తేడా అక్కడ వచ్చింది. అందుకని ఆఖరి బిల్లును రోజులతో లెక్కించవద్దు. మొత్తంలోంచి అప్పటివరకు వేసినది తీసేసి, మిగిలిన 7,520.55 వేయండి. ఇరవై నాలుగు రూపాయలు పెద్ద మొత్తం కాదు. కానీ ఒప్పందం మొత్తమూ బిల్లుల మొత్తమూ కలవకపోతే ఆడిటర్ ప్రతి ఫైలూ తెరిపిస్తారు.

బిల్లు తేదీగా 29, 30, 31 పెట్టవద్దు. ఫిబ్రవరి వచ్చినప్పుడు ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో విధంగా నడుచుకుంటుంది. 28 లోపు ఏ తేదీ అయినా సరే.

జీఎస్టీ చట్టం ప్రకారం మూడు నెలలకు మించిన కాలానికి ఒప్పుకుని, విడతలవారీగా డబ్బు తీసుకునే సేవను నిరంతర సేవ అంటారు. చెల్లింపు తేదీ ఒప్పందంలో రాసి ఉంటే, బిల్లు ఆ తేదీనాడో అంతకుముందో వెళ్లాలి. మీ కాగితంలో ‘త్రైమాసికం మొదటి నెల ఐదో తేదీలోగా’ అని ఉంటే సాఫ్ట్‌వేర్‌లో బిల్లు ఒకటో తేదీకి పుట్టేలా పెట్టండి. పని తగ్గుతుందని ఏడాది మొత్తానికీ ఏప్రిల్‌లోనే బిల్లు కొట్టేద్దామనుకోవద్దు. బిల్లు వెళ్తే డబ్బు రాకపోయినా పన్ను కట్టాలి. అరవై లిఫ్టులకు ఏడాది పన్ను 3,88,800 రూపాయలు. త్రైమాసికం బిల్లులైతే ఒక్కో విడతకు 97,200. చిన్న సంస్థకు ఆ తేడా జీతాల డబ్బంత ఉంటుంది. ఏడాదికి ఒకేసారి ముందే చెల్లించే కస్టమర్లకు మాత్రం ఒకే బిల్లు రాయక తప్పదు. అప్పుడు ఆదాయాన్ని నెలనెలా పంచి చూపే డిఫర్డ్ రెవెన్యూ అమరిక వాడండి. లేకపోతే మార్చి 31 నాటి లెక్కల్లో, వచ్చే సంవత్సరపు ఆదాయం కూడా ఈ సంవత్సరపు లాభంలో కలిసిపోతుంది.

బిల్లు సంఖ్య 16 అక్షరాలకు మించకూడదు, ఆర్థిక సంవత్సరంలో ఏ సంఖ్యా రెండోసారి రాకూడదు. సంస్థకు రెండక్షరాల గుర్తు, 25-26 అనే సంవత్సరం, నాలుగంకెల వరుస, మధ్యలో రెండు ఏటవాలు గీతలు పెట్టుకుంటే 13తో సరిపోతుంది. ఏప్రిల్ 1న సంవత్సరం మారేలా ముందే సరిచూసుకోండి. పన్ను శాతాన్ని ఒక్కో బిల్లు మూసలో చేత్తో టైపు చేయకుండా, పన్ను పట్టికకు ముడిపెట్టండి. 2025 సెప్టెంబరు 22న చాలా వస్తువుల రేట్లు మారాయి, ఏసీలు 28 నుంచి 18 శాతానికి దిగాయి. రేటును చేత్తో రాసుకున్నవారు అలాంటి రోజున ప్రతి మూసా తెరిచి దిద్దుకోవాలి. పట్టికకు కట్టినవారికి ఒక్కచోట దిద్దితే సరిపోతుంది.

విడిభాగాలు కలవని ఒప్పందాలలో ఇంకో జాగ్రత్త. తాడు మార్చారు, తలుపు సెన్సర్ మార్చారు. ఆ ఖర్చును తొందరలో రికరింగ్ మూసలోనే ఒక వరుసగా చేరిస్తే, మూడు నెలల తర్వాత అదే తాడుకు మళ్లీ బిల్లు వెళుతుంది. విడిభాగాలకు ఎప్పుడూ వేరే బిల్లు, మెకానిక్ సంతకం చేయించుకొచ్చిన జాబ్ షీటు దానికి ఆధారం.

ఈఆర్‌పీనెక్స్ట్‌ను మీ సొంత కంప్యూటర్‌లోనే నడిపించుకుంటే, రాత్రి దాన్ని ఆపేసి ఇంటికి వెళ్లే అలవాటు మానుకోండి. బిల్లులు తీసే పనిని, వేళకు పనులు నడిపే షెడ్యూలర్ అనే భాగం నేపథ్యంలో చేస్తుంది. అది ఆగితే బిల్లులు ఆగుతాయి, తెర మీద ఏ హెచ్చరికా కనబడకపోవచ్చు. అందుకే ప్రతి నెలా మూడో తేదీన ఎవరో ఒకరు అమలులో ఉన్న ఒప్పందాలు ఎన్ని, ఆ నెల గడువున్నవి ఎన్ని, పుట్టిన బిల్లులు ఎన్ని అని మూడు సంఖ్యలు రాయాలి. చివరి రెండూ సమానంగా లేకపోతే అదే రోజు వెతకండి, మార్చి దాకా ఆగవద్దు.

ప్రశ్న: మాదీ ఇలాంటి వ్యాపారమే, వరంగల్‌లో. ఒక ఆసుపత్రిలో నాలుగు లిఫ్టులకు త్రైమాసికానికి 36,000, పన్నుతో 42,480 బిల్లు వేస్తాం. వారు 41,760 మాత్రమే పంపుతారు. మిగతా 720కి మా సాఫ్ట్‌వేర్ వారానికోసారి వారికి బాకీ సందేశం పంపుతోంది. వారికి కోపం వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: వారి కోపం న్యాయమే, ముందు ఆ సందేశాలు ఆపండి. అది బాకీ కాదు, టీడీఎస్. అంటే డబ్బు చెల్లించేవారే మీ తరఫున ముందుగా కోసి కట్టే ఆదాయపు పన్ను. జీఎస్టీని బిల్లులో విడిగా చూపినప్పుడు పన్ను లేని 36,000 మీదే రెండు శాతం, అంటే 720 కోసి, మీ పాన్ పేరిట ప్రభుత్వానికి కట్టారు. మీది సొంత వ్యాపారమైతే ఆ కోత ఒక శాతమే ఉండాలి, భాగస్వామ్య సంస్థ అయితే రెండు శాతం సరైనదే. వసూలు నమోదు చేసేటప్పుడు వచ్చిన డబ్బుతో పాటు కోసిన పన్నును కూడా అదే పత్రంలో చూపాలి. జోహో బుక్స్‌లో చెల్లింపు రాసే చోటే పన్ను కోశారా అని అడుగుతుంది. ఈఆర్‌పీనెక్స్ట్‌లో అయితే చెల్లింపు పత్రం కింద కోతల పట్టికలో 720ని టీడీఎస్ ఖాతాకు వేయండి. బిల్లు పూర్తిగా తీరినట్టు మారుతుంది, సందేశాలు ఆగుతాయి. ఆ మొత్తం ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ మీద కనబడుతోందో లేదో త్రైమాసికానికోసారి చూసుకోండి. కనబడకపోతే అప్పుడు ఆసుపత్రి లెక్కల విభాగాన్ని మర్యాదగా అడగవచ్చు.

ప్రశ్న: ఏఎంసీ డబ్బు కస్టమర్ ఖాతా నుంచి నేరుగా వచ్చేలా ఆటోపే పెట్టవచ్చా? అపార్ట్‌మెంటు సంఘాలకూ పనికొస్తుందా?

జవాబు: ఇళ్లకు, చిన్న దుకాణాలకు చక్కగా పనికొస్తుంది. యూపీఐ ఆటోపే 2020 నుంచి ఉంది. ప్రతి కోతకూ 24 గంటల ముందు కస్టమర్‌కు సమాచారం వెళ్లాలి, 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ వారి ఆమోదం కావాలి. 10,620 రూపాయల త్రైమాసికం బిల్లు ఈ పరిమితిలోనే ఉంటుంది. అయితే అనుమతి తీసుకునేటప్పుడు సరిగ్గా 10,620 అని రాయించుకోవద్దు. వచ్చే ఏడాది ఎనిమిది శాతం పెంచితే బిల్లు 11,469.60 అవుతుంది, పాత అనుమతి మీద ఆ కోత నిలిచిపోతుంది. కస్టమర్‌కు విషయం చెప్పి, గరిష్ఠ పరిమితి 13,000 అని పెట్టించుకోండి.

సంఘాల ఖాతాలు చాలావరకు అధ్యక్షుడు, కోశాధికారి ఇద్దరి సంతకాలతో నడుస్తాయి. అక్కడ ఒకరి ఫోనులో ఆటోపే కుదరడం కష్టం. బ్యాంకులో ఇద్దరి సంతకాలతో ఎన్‌ఏసీహెచ్ పత్రం (ఖాతా నుంచి గడువుకు డబ్బు తీసుకునేందుకు బ్యాంకుకు ఇచ్చే అనుమతి) ఇచ్చే వీలుందేమో అడిగి చూడండి. కార్యవర్గం మారినప్పుడల్లా సంతకాలు మారతాయి కాబట్టి ఏటా రెన్యువల్ సమయంలో దాన్ని కూడా సరిచూడాలి. అది కుదరని చోట బిల్లు మీదే మొత్తంతో కూడిన క్యూఆర్ కోడ్ అచ్చు వేయించండి. కోశాధికారి లిఫ్టు పక్కన నిలబడే చెల్లించేయవచ్చు.