అకిలిస్ టెండన్ అని రాస్తే తప్పా?

వైద్య రికార్డులో అకిలిస్ టెండన్ అని రాయొచ్చా, పురాణ పేరు కూడదంటే మరో గ్రీకు పురాణ పేరు అట్లాస్ ఎలా ఉండిపోయింది అని అడిగారు కదా. శరీర భాగాల అంతర్జాతీయ అధికారిక పేర్ల జాబితా, 1998 టెర్మినోలాజియా అనటామికా ప్రకారం, పిక్క కండరాలను మడమ ఎముకకు కలిపే ఈ టెండన్ పేరు టెండో కాల్కేనియస్ (మడమ ఎముక టెండన్). మొదటి మెడ వెన్నుపూసకు మాత్రం అట్లాసే అధికారిక పేరు. వేరే పేరు పెట్టే అవసరం పడలేదంతే.

1693లో శరీర నిర్మాణ శాస్త్రవేత్త వెర్హేయన్ గ్రంథంలో కనిపించే అకిలిస్ పేరును సర్జన్లు వదల్లేదు. వైద్య పరిశోధన వ్యాసాలు వెతికే పబ్‌మెడ్ సూచికలోనూ అదే శీర్షిక, కాబట్టి వెతికేటప్పుడు పాత పేరే వాడండి. రికార్డులో మొదటిసారి 'కాల్కేనియల్ (అకిలిస్) టెండన్' అని రాస్తే గొడవుండదు.

అసలు చిక్కు 'అకిలిస్ బర్సైటిస్' (టెండన్ దగ్గరి ద్రవపు సంచి, అంటే బర్సా, వాపు) దగ్గర. వాపు టెండన్‌కూ ఎముకకూ మధ్యనైతే రెట్రోకాల్కేనియల్, చర్మానికీ టెండన్‌కూ మధ్యనైతే సబ్‌క్యుటేనియస్. ఈ రెండింటిలో ఏదన్నది స్పష్టంగా రాయాల్సిందే.