టెయిలెండ్‌కి అందాయా?

"ప్రేమను నోటితో చెప్పని తండ్రి మీకూ ఉన్నారా? ఆ ప్రేమ మీకెలా తెలిసింది?" అని అడిగారు గదా. మా నాయన అలాంటోడే. ఇరిగేషన్‌లో ఇంజనీరు, అసిస్టెంట్ ఇంజనీరుగా (ఏఈ) చేరి 2011లో డిప్యూటీ ఇంజనీరుగా (డీఈ) రిటైరయ్యాడు. పోయి రెండేళ్లు దాటింది. ఆయన నోటి నుంచి "బంగారుతల్లీ" లాంటి మాట ఒక్కటీ విన్న గుర్తు లేదు. రోజూ అన్నం దగ్గర విన్నది మాత్రం ఒకటుంది: "టెయిలెండ్‌కి అందాయా?"

ఆ మాట అర్థం కావాలంటే కాలవ సంగతి కొంచెం చెప్పాలి.

నా చిన్నప్పుడు బుచ్చిరెడ్డిపాళెంలో ఉండేవాళ్లం. ఆయన సెక్షన్ కనిగిరి రిజర్వాయరు కింద. (అప్పటి ప్రకాశం జిల్లాలోని కనిగిరి ఊరు వేరు, ఇది బుచ్చి పక్కనే. కొత్తగా బదిలీ అయినవాళ్లు అటు బస్సెక్కేస్తారని ఆఫీసులో జోకు.) సంగం దగ్గర పెన్న మీది ఆనకట్ట నుంచి నీళ్లు ఈ రిజర్వాయరుకొస్తాయి. ఇక్కణ్ణుంచి కాలవలు తూర్పుగా విడవలూరు వైపు, సముద్రం దగ్గరి పొలాలదాకా పోతాయి. ఆ చివరి పొలాలే టెయిలెండ్.

తూము పక్కనే పొలమున్న రైతుకి బాధ లేదు. రాత్రిపూట కాలవలో నాలుగు మట్టి బస్తాలు అడ్డమేస్తే మడి నిండుతుంది. కింద వాళ్లకి అట్లా కుదరదు. ముందు గట్లు నానాలి, నీళ్లు గుర్రపుడెక్క దాటాలి, మట్టం లేవాలి. "కాలవ ముందు తను తాగి, మిగిలితే పొలానికిస్తది" అనేవాడు నాయన. పైన ఒక పూట ఆపితే, కింద మళ్లీ పారకం అందుకోడానికి ఆ ఒక్క పూట చాలదు. పైరు పొట్ట మీదుంటే ఇంక చెప్పక్కర్లేదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒక రాత్రి లస్కర్, అంటే కాలవ కాపలా మనిషి, వచ్చి తలుపు కొట్టాడు. అమ్మ, అన్న ఊళ్లో లేరు. నన్నొక్కదాన్నే వదల్లేక స్కూటర్ ముందు నిలబెట్టుకుని తీసుకుపోయాడు. గట్టు మీద ఐదు బ్యాటరీల టార్చి నా చేతికిచ్చి, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, ఇద్దరూ నీళ్లలోకి దిగారు. గోనెబస్తాల మధ్య వరిగడ్డి కుక్కి గట్టిగా కట్టిన అడ్డు. నాలుగో బస్తా ఊడేసరికి అంతసేపూ నిలబడున్న నీళ్లు గుడగుడమని కదిలాయి. భయంతో టార్చి నాయన మొహం మీద వేస్తున్నా. "నా మీద కాదు పాపా, ఆయన కాళ్ల దగ్గర వెయ్యి, పాములుంటాయి" అన్నాడు లస్కర్ని చూపించి.

బస్తాలు ఎవరివో ఊరందరికీ తెలుసు. ఆయన కూతురూ నేనూ ఒకే బెంచీ. నాయన కేసు పెట్టలేదు. మట్టి దులిపి, సంచులు ఉతికించి, ఆఫీసు వరండాలో ఆరేయించాడు. సాయంత్రానికి ఆ బస్తాల రైతే వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా మడిచి చంకలో పెట్టుకుపోయాడట.

ఇక మా ఇంటి సంగతి. చేపల పులుసు వండితే నడిమి ముక్కలు పిల్లలకి, తలకాయ చుట్టాలకి, అడుగున మిగిలిన తోకముక్క, మామిడికాయ టెంక అమ్మకి. ఎవరూ పెట్టిన రూల్ కాదు, ఏ ఇంట్లో అయినా అట్లానే పారుతుంది. నాయన రెండో ముద్దకే ఆగి గిన్నెలోకి తొంగిచూసేవాడు. "టెయిలెండ్‌కి అందాయా?"

"నాకుందిలెండి" అనేది అమ్మ.

కాలవలో నీటిమట్టం చూపే గేజి చూడకుండా రీడింగ్ రాసుకునే మనిషి కాదాయన. ఎడమచేత్తో గరిటె అందుకుని, మంచి ముక్క ఒకటి వెతికి, చిన్న గిన్నెలో వేసి మూత పెట్టాకే మళ్లీ కంచంలో చెయ్యి పెట్టేవాడు. ఆ మూత పెట్టడాన్ని, కాలవ తూముకి తలుపు దించినట్టుందని, అన్నా నేనూ "షట్టర్ దించడం" అనేవాళ్లం. దించాక ఎవరూ ముట్టకూడదు.

అన్నీ మంచి గుణాలే అని చెప్పను. నీళ్ల సీజన్‌లో మనిషి దొరికేవాడు కాదు, ఎన్నో సంక్రాంతులు కాలవ గట్టు మీదే. పదో తరగతి లెక్కల్లో నాకు 98 వస్తే "ఆ రెండూ ఎక్కడ లీకయ్యాయి?" అన్నాడు. వారం రోజులు మాట్లాడలేదు నేను. ఆ మనిషే ఏటా జూన్‌లో ఆఫీసులో పనికిరాని డ్రాయింగ్ ప్రింట్లు తెచ్చి, రాత్రి కూర్చుని మా పుస్తకాలకి అట్టలేసేవాడు. దసరా దాకా పోని అమ్మోనియా వాసన. నా సోషల్ నోటు మీద ఏదో తూము క్రాస్ సెక్షన్ ఉండేది.

2021 నవంబరు వరదప్పుడు నెల్లూరులో మా ఇంట్లోనే ఉన్నారు అమ్మా నాయనా. పైనున్న సోమశిల డ్యాం నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వస్తోందని టీవీలో విని నాయన క్యాలెండర్ కాగితం వెనక లెక్కేశాడు. క్యూసెక్కంటే సెకనుకి 28 లీటర్లు, ఆయన భాషలో రెండు బిందెలు. అంటే సెకనుకి పది లక్షల బిందెలు. 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ (వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు), ఇది అరగంటకే ఒకటి. పెన్సిల్ పక్కన పెట్టి కోవూరులో మా పిన్నికి ఫోన్ చేశాడు. "చీకటి పడకముందే మేడ ఉన్నోళ్లింటికి పొండి" అని అంతే. ఆ వరదకే పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. పిన్ని ఇంట్లో నడుములోతు నీళ్లు. ఆమె ఏడుస్తూ ఫోన్ చేస్తే ఈయన అడిగింది "గ్యాస్ సిలిండర్ పైకి తెచ్చుకున్నారా?" అని.

మరుసటేడు సెప్టెంబరులో సంగం బ్యారేజీ మొదలయ్యాక చూపించమని మమ్మల్ని పోరు పెట్టాడు. 1880ల నాటి పాత ఆనకట్ట మీదుగా రాకపోకలుండేవి గానీ వరదొస్తే ఆగిపోయేవి. అమ్మ పుట్టిల్లు అవతల, పొదలకూరు వైపు. మోకాళ్ల నొప్పితోనే బ్యారేజీ మీద నడిచి, మధ్యలో ఆగి, "ఇంక ఎంత వరదొచ్చినా నువ్వు మీ ఊరికి పోవచ్చు" అన్నాడు.

"ఇప్పుడక్కడ ఎవరున్నారని?" అంది అమ్మ.

చాలాసేపు నీళ్లకేసే చూస్తూ నిలబడ్డారిద్దరూ. నేను కారు దగ్గరికొచ్చేశా.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. మొన్న ఆదివారం బొచ్చె పులుసు పెట్టా. నడిమి ముక్క ఆమె కంచంలో వేస్తే, తీసి మావాడి కంచంలో వేసింది. నేను ఇంకోటి వేశా. అదీ తీయబోతే చెయ్యి అడ్డం పెట్టా. నా వైపు చూసి, "సరే, దించవే నీ షట్టరు" అంది.