కంప్యూటర్ సైన్స్ విద్యార్థికి అమెరికా చరిత్ర ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి టెక్సస్‌లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ బి.ఎస్.లో చేరాడు. మొదటి ఏడాదిలోనే అమెరికా చరిత్ర, ప్రభుత్వ వ్యవస్థ వంటి కోర్సులు తీసుకోవాలని అక్కడి అడ్వైజర్ చెప్పారట. ఒక్కో కోర్సుకు మేం కట్టే ఫీజు తక్కువేమీ కాదు. కంప్యూటర్ల కోసం వెళ్లినవాడికి ఈ చదువు పెట్టింది ఎవరు? తప్పించుకునే దారి ఉందా?
— ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: అమెరికాలో ‘జనరల్ ఎడ్యుకేషన్’ అని, టెక్సస్‌లో ‘కోర్ కరిక్యులమ్’ అని పిలిచే తప్పనిసరి చదువు ఇది. టెక్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఏ డిగ్రీలో చేరినా 42 క్రెడిట్లు (చదువు పరిమాణాన్ని కొలిచే పాయింట్లు) దీనికి కేటాయించాలి. మామూలు 120 క్రెడిట్ల డిగ్రీలో ఇది మూడో వంతుకు పైమాటే. గణితానికి 3, ప్రకృతి శాస్త్రాలకు 6 క్రెడిట్లు ఇందులోనే ఉన్నాయి; అవి కంప్యూటర్ సైన్స్ వారు ఎలాగూ చదివేవే. మీకు భారంగా తోచేవి మిగిలినవి: రచన, భావప్రకటనకు 6, అమెరికా చరిత్రకు 6, ప్రభుత్వ వ్యవస్థకు 6, ఆపైన భాష, తత్త్వం, కళలు, సాంఘిక శాస్త్రాలు.

వీటిని పెట్టింది ఎవరంటే ఒక్క పేరు చెప్పడం కుదరదు. చరిత్ర 6 క్రెడిట్లు, ప్రభుత్వం 6 క్రెడిట్లు చదివి తీరాలన్నది రాష్ట్ర చట్టం. టెక్సస్ రాజ్యాంగాన్ని కూడా బోధించాలని ఆ చట్టమే చెబుతుంది. 42 క్రెడిట్ల చట్రాన్ని రాష్ట్ర ఉన్నత విద్యా సమన్వయ మండలి పర్యవేక్షిస్తుంది. అయితే ఆ చట్రంలో ఏ విభాగం కింద ఏ కోర్సును చేర్చాలో పరిశీలించి సిఫారసు చేసే పని సంప్రదాయంగా విశ్వవిద్యాలయంలోని ఆచార్యుల కమిటీది.

ఆ కమిటీ పనితీరు తెలిస్తే మీ అసంతృప్తి కొంత తగ్గవచ్చు. సాధారణంగా వేర్వేరు కళాశాలల నుంచి ఎన్నికైన లేదా నియమితులైన అధ్యాపకులు అందులో ఉంటారు. రిజిస్ట్రార్ కార్యాలయం, అడ్వైజర్ల తరఫున ఓటు లేని సభ్యులు, కొన్నిచోట్ల విద్యార్థి ప్రతినిధి కూడా కూర్చుంటారు. ఏదైనా శాఖ తన కోర్సును కోర్‌లో చేర్చమని కోరితే సిలబస్‌తో పాటు పరీక్షలు, రాతపని వివరాలను, విద్యార్థికి అబ్బవలసిన నైపుణ్యాలను కొలిచే విధానాన్ని సమర్పించాలి. టెక్సస్‌లో ఈ నైపుణ్యాలు ఆరు: విమర్శనాత్మక ఆలోచన, భావప్రకటన, అంకెలతోనూ ఆధారాలతోనూ తర్కించడం, బృందంగా పనిచేయడం, వ్యక్తిగత బాధ్యత, సామాజిక బాధ్యత. కమిటీ ముఖ్యంగా చూసేది, ఆ శాస్త్రంలో ఇంతకుముందు ఏమీ చదవని విద్యార్థికి ఈ కోర్సు పనికివస్తుందా, లేక శాఖ తన సొంత విద్యార్థుల కోసం రూపొందించిన తొలి పాఠాన్నే పేరు మార్చి పంపిందా అన్నది. రెండో రకం ప్రతిపాదనలు తిరిగి వెళ్లడం మామూలే.

ఇందులో విద్యాదర్శాలతో పాటు బతుకుతెరువు లెక్కలూ ఉన్నాయి. కోర్ జాబితాలో చోటు దొరికిన కోర్సుకు వందల మంది విద్యార్థులు వస్తారు. ఆ సంఖ్యను బట్టే శాఖకు నిధులు, కొత్త నియామకాలు, పరిశోధక విద్యార్థులకు టి.ఎ. (బోధనా సహాయకుల) కొలువులు సమకూరుతాయి. జాబితాలోంచి పోయిన చిన్న శాఖ చిక్కిపోతుంది. కాబట్టి కమిటీ సమావేశాలు ఉమ్మడి కుటుంబంలో ఆస్తి పంపకాల వలె సాగుతాయన్న ఆరోపణలో కొంత నిజముంది. అయినప్పటికీ, ఒక శాఖ కోర్సును పది శాఖల వారు కలిసి ప్రశ్నించే చోటు విశ్వవిద్యాలయంలో ఇంతకు మించి ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

ఆ చోటు టెక్సస్‌లో ఇప్పుడు కుంచించుకుపోతోంది. 2025లో చట్టమైన ‘సెనేట్ బిల్లు 37’, కోర్ పాఠ్యాంశాలను సమీక్షించే బాధ్యతను విశ్వవిద్యాలయాల పాలక మండళ్లకు అప్పగించి, అధ్యాపకుల ప్రతినిధి సభలైన అధ్యాపక సెనేట్ల పాత్రను సలహాలకు పరిమితం చేసింది. పాలక మండలి సభ్యులను గవర్నర్ నియమిస్తారు కాబట్టి, రానున్న సంవత్సరాల్లో ఈ జాబితాలు విద్యా కారణాల వల్ల మారుతున్నాయో రాజకీయ కారణాల వల్ల మారుతున్నాయో తల్లిదండ్రులూ గమనించాలి.

ఇక తప్పించుకునే దారి సంగతి. పూర్తి మినహాయింపు దొరకదు కానీ భారం తగ్గించుకోవచ్చు. కాలేజ్ బోర్డు అనే సంస్థ నిర్వహించే, కోర్సు చదవకుండానే క్రెడిట్లు సంపాదించుకునే క్లెప్ పరీక్షల్లో అమెరికా చరిత్ర, అమెరికా ప్రభుత్వం ఉన్నాయి. మీ అబ్బాయి విశ్వవిద్యాలయం వాటిని ఏ మార్కుతో, ఏ కోర్సుకు బదులుగా ఒప్పుకుంటుందో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ప్రభుత్వం కోర్సుల్లో టెక్సస్ భాగానికి ఈ పరీక్ష చాలాచోట్ల చెల్లదు. చరిత్రలో మూడు క్రెడిట్లకు బదులు టెక్సస్ చరిత్ర తీసుకోవడానికి చట్టం అనుమతిస్తుంది. వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో చదివితే ఫీజు తగ్గుతుంది, ఆ క్రెడిట్లు రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి బదిలీ అవుతాయి. అయితే ఎఫ్-1 (విద్యార్థి) వీసా ఉన్నవారు ముందుగా అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని సంప్రదించాలి. తాను చేరిన సంవత్సరపు కేటలాగ్‌ను (కోర్సుల, నిబంధనల పుస్తకాన్ని) మీ అబ్బాయి దాచుకోవాలి. తర్వాత నిబంధనలు మారినప్పుడు ఏవి తనకు వర్తిస్తాయన్న వివాదం వస్తే ఆధారం అదే.

ప్రశ్న: మా అమ్మాయి బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుతోంది. అక్కడ ‘అమెరికన్ కల్చర్స్’ అనే కోర్సు తప్పనిసరి. దాని బదులు తెలుగు గానీ భారతీయ సంస్కృతి గానీ చదివితే ఒప్పుకోరా?
— ఒక తల్లి, ఫ్రీమాంట్

జవాబు: ఒప్పుకోరు, అందుకు కారణం ఆ నిబంధన పుట్టుకలోనే ఉంది. 1980లలో కాలిఫోర్నియా జనాభా మారుతూ, తరగతి గదుల్లో ఆసియా, లాటిన్ అమెరికా మూలాల పిల్లలు పెరుగుతున్న కాలంలో, పాఠాల్లో ఆ మార్పు కనిపించడం లేదని విద్యార్థులు పట్టుబట్టారు. అధ్యాపకుల సభ అయిన అకడమిక్ సెనేట్ ప్రత్యేక కమిటీని వేసి, దాని ప్రతిపాదనను 1989లో చర్చించి ఓటు వేసింది. అనుకూలంగా 227, ప్రతికూలంగా 194 ఓట్లు వచ్చాయంటే అధ్యాపకులు ఎంతగా చీలిపోయారో ఊహించవచ్చు. 1991లో చేరిన విద్యార్థుల నుంచి అది అమలైంది.

ఆ కోర్సు ఆఫ్రికన్ అమెరికన్లు, మూలవాసులు, ఆసియన్ అమెరికన్లు, లాటినోలు, యూరోపియన్ అమెరికన్లు అనే ఐదు సమూహాల్లో కనీసం మూడింటిని పోల్చి, అమెరికా సమాజంలో భాగంగా పరిశీలించాలి. ఒక్క జాతి గురించి చెప్పే కోర్సును, అది ఎంత మంచిదైనా, సెనేట్ కమిటీ ఆమోదించదు. బోధనను ఏ ఒక్క శాఖకూ కట్టబెట్టకుండా అన్ని శాఖలకూ తెరిచి ఉంచడం ఆ రూపకల్పనలో నాకు నచ్చిన అంశం. చరిత్ర శాఖతో పాటు సంగీతం, పర్యావరణ శాస్త్రం వంటి శాఖల వారు కూడా ఈ కోర్సులు చెప్పగలుగుతున్నారు.

మీ అమ్మాయి తెలుగు చదువు వృథా కాదు. బర్కిలీలో తెలుగు బోధన ఉంది; ఆమె లెటర్స్ అండ్ సైన్స్ కళాశాల విద్యార్థిని అయితే పరభాషా నిబంధనకు దాన్ని వాడుకునే వీలును అడ్వైజర్‌ను అడగవచ్చు. భారతదేశం గురించిన కోర్సు, జాబితాలో ఉన్నట్లయితే, వేర్వేరు రంగాల్లో ఏడు కోర్సులు చదవాలన్న ఆ కళాశాల ‘బ్రెడ్త్’ నిబంధనలో ఒకదానికి సరిపోతుంది.

ప్రశ్న: మన విశ్వవిద్యాలయాల్లో ఇటువంటి కమిటీలు ఎందుకు లేవు?
— ఒక డిగ్రీ కళాశాల అధ్యాపకుడు, అనంతపురం

జవాబు: ఆలోచన మనకు కొత్తది కాదు. అంతకుముందు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా (వైస్ ఛాన్సలర్‌గా) పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, డిగ్రీ విద్యార్థులందరికీ సామాన్య విద్య ఉండాలని సిఫారసు చేసింది. యు.జి.సి. 2022 డిసెంబరులో ప్రకటించిన చట్రం ప్రకారం మూడేళ్ల 120 క్రెడిట్ల డిగ్రీలో బహుళ శాస్త్ర కోర్సులకు 9, భాషా సామర్థ్యానికి 8, నైపుణ్యాలకు 9, విలువల కోర్సులకు 6 నుంచి 8 క్రెడిట్లు ఉన్నాయి.

లోపం నిర్మాణంలో ఉంది. మన బోర్డ్ ఆఫ్ స్టడీస్ సబ్జెక్టు వారీగా ఏర్పడుతుంది. తెలుగు బోర్డు తెలుగును, రసాయనశాస్త్ర బోర్డు రసాయనశాస్త్రాన్ని చూసుకుంటాయి. వాటి పైన ఉండే అకడమిక్ కౌన్సిల్ ముందుకు ఒక్కరోజున బోలెడన్ని సిలబస్‌లు వస్తాయి కాబట్టి అక్కడ ఉమ్మడి కోర్సుపై లోతైన చర్చ జరగడం కష్టం. ఏ ఒక్క శాఖకూ చెందని పర్యావరణ విద్య వంటి కోర్సును ఖాళీగా ఉన్న అధ్యాపకుడికి అప్పగించడం మీ వంటివారికి తెలియని సంగతి కాదు. మీ కళాశాలకు స్వయంప్రతిపత్తి ఉంటే, వేర్వేరు శాఖల నుంచి ఐదారుగురితో ఉమ్మడి పాఠ్యాంశాల స్థాయీ సంఘాన్ని ఏర్పాటు చేసి, నాసిరకం కోర్సును తిప్పి పంపే అధికారాన్ని దానికి తీర్మానపూర్వకంగా ఇవ్వమని కౌన్సిల్‌ను కోరవచ్చు.