టర్కీ కోడి వేటకి ఏ గన్ కొనాలని అడిగిన మేనల్లుడికి

అల్లుడూ,

వాట్సాప్‌లో నువ్వు పంపిన గన్ ఫొటో చూశాను. బాగుంది, 1,700 డాలర్లు పోస్తే ఏదైనా బాగానే ఉంటుంది. కానీ "మామయ్యా, ఇది కొనమంటావా" అని అడిగావు కదా, వద్దురా. ఎందుకు వద్దో చెప్పాలంటే ఒకటి రెండు ముక్కల్లో అయ్యేది కాదు, అందుకే ఈ ఉత్తరం. ఆదివారం కాఫీ తాగుతూ తీరిగ్గా చదువుకో.

గన్ కంటే ముందు కాగితాల సంగతి. నీది ఇంకా హెచ్-1బీ. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు, చేత్తో పట్టుకున్నా తప్పే. దానికున్న మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది ఒకటి, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ నీ దగ్గర ఉండటం. గడువు అయిపోయిందంటే ఆ మినహాయింపూ అయిపోయినట్టే, గన్ మాత్రం అల్మరాలోనే ఉంటుంది, అసలు చిక్కు అక్కడే. మా ఫ్రెండ్ ఒకడు గన్ కాల్చే రేంజికి సరదాగా వెళ్లి, గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ దాకా టెన్షన్‌తో నిద్రపోలేదు. నువ్వు ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యి, 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి మా మిస్సోరీలో అది తప్పనిసరి. తర్వాత లైసెన్స్ తీసుకో, నీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఒక ఈమెయిల్ పడెయ్, జవాబు వచ్చాకే షాపు గుమ్మం ఎక్కు. నా గన్ నీ చేతికిచ్చేది కూడా అప్పుడే, మేనమామనైనా సరే.

ఇక గన్. నువ్వు చూసింది 12 గేజ్ (గొట్టం లావు కొలత, అంకె తగ్గేకొద్దీ లావు), మూడున్నర అంగుళాల షెల్, అంటే తూటా, పట్టే సెమీ ఆటో (కాల్చగానే తర్వాతి షెల్ తనే ఎక్కించుకునేది). నేను 2009లో కొన్న మొదటి గన్ కూడా మూడున్నర అంగుళాలదే, షాపులో కుర్రాడు "టర్కీకి ఇంతకంటే తక్కువైతే దండగ" అన్నాడు, నమ్మాను. మొదటిసారి కాల్చినప్పుడు భుజం కమిలి నాలుగు రోజులు చొక్కా తొడుక్కోవడానికి మీ అత్తయ్య సాయం కావాల్సొచ్చింది. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే ఆ దెబ్బ భయానికి ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకోవడం అలవాటైపోయింది. అది వదిలించుకోవడానికి రెండేళ్లు పట్టింది.

ఇప్పుడు అంత గన్ అవసరమే లేదు. లోపల టంగ్‌స్టన్ లోహపు గింజలు (పెల్లెట్లు) ఉన్న షెల్స్ వచ్చాక లెక్కంతా మారిపోయింది. సీసం సాంద్రత 11 చిల్లరైతే టీఎస్ఎస్ అనే ఈ టంగ్‌స్టన్ రకానిది 18. పెల్లెట్ చిన్నదైనా బరువుండటం వల్ల దూరం పోయినా ఊపు తగ్గదు, నంబర్ 9 సైజు టంగ్‌స్టన్ గింజ నంబర్ 5 సీసపు గింజలా దిగబడుతుంది (నంబర్ పెరిగేకొద్దీ గింజ చిన్నది). గింజ చిన్నది కాబట్టి షెల్లులో ఎన్నో ఎక్కువ పడతాయి. దీనివల్ల 20 గేజ్ గన్, ఒకప్పుడు పిల్లల గన్ అని నవ్వేవాళ్లం, ఇప్పుడు 40 గజాల్లో పుంజుని పడగొడుతోంది. అంతకంటే సన్నటి 410తో కూడా వేటాడేవాళ్లున్నారు. ఖరీదు మాత్రం మంటే, ఒక్కో షెల్ దాదాపు 10 డాలర్లు, కొన్ని ఇంకా ఎక్కువే. కానీ సీజన్ మొత్తానికి నువ్వు కాల్చేది రెండు, మహా అయితే మూడు. సీసం షెల్స్ అయితే చవక, నంబర్ 5 గానీ 6 గానీ తీసుకో, 35 గజాల లోపు దానికి వంక పెట్టక్కర్లేదు. మిస్సోరీలో నంబర్ 4 కంటే పెద్ద గింజ వాడకూడదని రూలు, మర్చిపోకు.

నాకు తెలిసి నీది ఎడమ చేతివాటం. షాపుల్లో ఈ సంగతి ఎవరూ అడగరు. మామూలు పంప్ గన్‌లో (ముందు పిడిని చేత్తో వెనక్కీ ముందుకీ లాగి షెల్ ఎక్కించేది) కాల్చిన షెల్ కుడి పక్కకి ఎగిరిపడుతుంది, ఎడమ భుజానికి ఆనించి కాలిస్తే అది నీ ముఖం ముందు నుంచే పోతుంది. రెమింగ్టన్ 870 మంచి గన్, దానికి నేను వంక పెట్టను, కానీ దాని సేఫ్టీ బొత్తం (పొరపాటున పేలకుండా ఆపేది) ట్రిగ్గర్ వెనక కుడిచేతి వాళ్లకి అనువుగా ఉంటుంది. మాస్‌బర్గ్ 500 సేఫ్టీ పైన, బొటనవేలి కింద ఉంటుంది, ఏ చేతికైనా ఒకటే. పాత బ్రౌనింగ్ బీపీఎస్ సెకండ్ హ్యాండ్‌లో దొరికిందంటే వదలకు, సేఫ్టీ పైనే, షెల్ అడుగు నుంచి కిందికి పడుతుంది. ఇంకో చిన్న పరీక్ష చెయ్యి. రెండు కళ్లూ తెరిచి గోడ గడియారానికి వేలు చూపించి ఒక్కో కన్నూ మూసి చూడు, ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వేలు కదలకుండా ఉందో అదే నీ బలమైన కన్ను. అది కుడిదైతే మొత్తం కథ మారుతుంది, అప్పుడు నాకు ఫోన్ చెయ్యి.

కాబట్టి నా మాట: 20 గేజ్ గానీ 12 గేజ్ గానీ, మూడు అంగుళాల పంప్, దానికి సరిపడే టర్కీ చోక్ (గింజలు చెదరకుండా గొట్టం మూతికి బిగించేది) ఒకటి, పైన గురి చూడటానికి చిన్న రెడ్ డాట్. చోక్ మీద అది ఏ షెల్స్‌కి పనికొస్తుందో రాసి ఉంటుంది, సీసానికే అని ఉన్న దాంట్లో టంగ్‌స్టన్ కాల్చి గొట్టం పాడు చేసుకోకు. మొత్తం కలిపి నువ్వు చూపించిన దాంట్లో సగం కూడా కాదు. మిగిలిన డబ్బుతో మంచి బూట్లు కొను.

కొన్నాక అసలు పని మొదలవుతుంది, చాలామంది ఎగ్గొట్టేదీ అదే. పేపర్ మీద కాల్చడం. 3 అడుగుల వెడల్పు కాగితం మీద టర్కీ తల, మెడ బొమ్మ గీసి 40 గజాల్లో పెట్టు. గురి దేనికనుకున్నావు, తలకీ మెడకీ. ఒళ్లంతా ఈకల దుప్పటి, అక్కడ కొడితే పడదు. 10 అంగుళాల వలయంలో 100 గింజలు పడితే ఆ దూరం నీది. పడకపోతే 35కి రా, 30కి రా. ఎక్కడ 100 దొరికితే అదే నీ గీత, దాని అవతల ఎంత పెద్ద పుంజు నిలబడినా నీకు సంబంధం లేదు. తర్వాత 15 గజాల్లో కూడా ఒకటి కాల్చి చూడు, గింజలన్నీ పిడికిలంత ముద్దగా పడతాయి, అంత దగ్గర్లో గురి తప్పడం ఎంత తేలికో నీకే అర్థమవుతుంది. అడవిలో ఎలా కూర్చుంటావో అలాగే, నేల మీద, మోకాలి మీద గన్ ఆనించి, వేటకి వేసుకునే జాకెట్ తొడుక్కునే కాల్చు. నా గన్‌కి అలా కాగితం పెట్టిన రోజు తెలిసింది, అది 6 అంగుళాలు కుడికీ పైకీ కొడుతోందని. అప్పటికే ఒక సీజన్ అయిపోయింది.

ఆ సీజన్‌లో ఏం జరిగిందో కూడా విను. పోటోసీ దగ్గర మార్క్ ట్వైన్ నేషనల్ ఫారెస్ట్, ఓక్ చెట్ల వాలు, ఏడు గంటలు దాటింది. పుంజు పురి విప్పి ఎండలోకొచ్చింది. నెమలి గుర్తొచ్చింది, ఒంటి మీద రాగి రంగు మెరుపు, తల మీద ఎరుపూ తెలుపూ నీలమూ కలిసి మారిపోతున్నాయి. 35 గజాలే అనుకున్నా. కాల్చా. రెండు ఈకలు రాలాయి, పుంజు వాలు కిందికి పరిగెత్తి మాయమైంది. వెళ్లి అడుగులేసి కొలిస్తే 54 గజాలు. మధ్యాహ్నం దాకా వెతికా, దొరకలేదు. ఎక్కడో పొదలో పడి చచ్చి ఉంటుంది. ఆ రోజు నుంచి కూర్చోగానే నాలుగు వైపులా ఒక్కో చెట్టుకి రేంజ్‌ఫైండర్ పెట్టి దూరం గుర్తుపెట్టుకుంటా, ఆ చెట్టు దాటి రానిదే సేఫ్టీ తియ్యను.

పిలవడం గురించి నువ్వు యూట్యూబ్‌లో చూసి ఉంటావు, ఆపకుండా కూస్తుంటారు. అలా కూస్తే పని జరగదు. అడవిలో పుంజు అరుస్తుంది, పెట్ట దాని దగ్గరికి వెళ్తుంది, అదీ పద్ధతి. మనం చేసేది తిరగేసిన పని, పెళ్లికొడుకుని లేచి రమ్మంటున్నాం. అందుకే వాడు ఒకచోట నిలబడి "నువ్వే రా" అన్నట్టు అరుస్తూ ఉంటాడు. పెట్ట కూతలా మోగే చెక్క డబ్బా కాల్ ఒకటి చాలు నీకు, మూడు నాలుగు కూతలు (యెల్ప్‌లు) కొట్టి పక్కన పెట్టెయ్. పుంజు జవాబిచ్చి దగ్గరికొస్తున్నట్టు అనిపిస్తే ఇంకా తగ్గించు. మా తాత చెప్పేవాడు, వాళ్ల రోజుల్లో పెంపుడు కౌజుని పంజరంలో పెట్టి, దాని కూతతో అడవి కౌజుల్ని రప్పించేవాళ్లట. ఇప్పుడు మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం తర్వాత అవన్నీ నేరం, కానీ ఆయన చెప్పిన ఒక్క ముక్క ఇక్కడా పనికొచ్చింది. పంజరంలో పిట్ట ఎక్కువ కూస్తే అడవి పిట్ట అనుమానపడుతుందట.

తెల్లారుజామున గుడ్లగూబ కూత కూస్తే చెట్టు మీద నిద్రపోతున్న పుంజు ఉలిక్కిపడి అరుస్తుంది, ఎక్కడుందో తెలిసిపోతుంది. దిగే దాకా ఓపిక పట్టు. ఎనిమిదిన్నరకి ఏం లేదని లేచిపోయేవాళ్లే ఎక్కువ, నేను కొట్టిన వాటిలో సగం తొమ్మిదిన్నర, పదకొండు మధ్యలోవే. అప్పటికి పెట్టలు గుడ్లు పెట్టడానికి వెళ్లిపోతాయి, పుంజు ఒంటరిగా మిగిలి తిరుగుతూ ఉంటుంది. అప్పుడు అరవకుండా వస్తుంది, నిశ్శబ్దంగా. ఒక్క ధ్వని వినిపిస్తుంది, తుప్పున ఉమ్మినట్టు, వెంటనే దూరంగా ట్రాక్టర్ గుర్రుమన్నట్టు, చెవికంటే ఛాతీకి ముందు తెలుస్తుంది. అది వినపడితే కనురెప్ప తప్ప ఏదీ కదలకూడదు. ఒకసారి అది వెనక నుంచి వచ్చింది, నా చెయ్యి మీద దోమ వాలింది, కొట్టాను. బెదిరిన పుంజు "పుట్" అని ఒక్క అరుపు, అంతే, ఆ సీజన్ అయిపోయింది.

జాగ్రత్తలు రెండు మూడు ఉన్నాయి, వీటిలో బేరం లేదు. ఎరుపు, తెలుపు, నీలం ఒంటి మీద కనపడకూడదు, సాక్సు, బనియన్, చేతిరుమాలు, ఏదీ కాదు, అవి పుంజు తల రంగులు. భుజాల కంటే వెడల్పు చెట్టుకి వీపు ఆనించి కూర్చో. పుంజు అరుపు వినపడిందని పాకుతూ దాని మీదకి వెళ్లకు, అది ఇంకో మనిషి కావచ్చు. ఎవరైనా నీ వైపు నడిచొస్తుంటే చెయ్యి ఊపకు, కూత కుయ్యకు, గట్టిగా "హేయ్" అని అరువు. కొట్టిన పక్షిని ఆరెంజ్ గుడ్డలో చుట్టి మొయ్యి.

పురుగుల సంగతి మీ అమ్మకి చెప్పకు. ఇక్కడి లోన్ స్టార్ టిక్ అనే పిడుదు పురుగు కుడితే కొందరికి మేక, గొర్రె, గొడ్డు, పంది మాంసం ఏదీ పడదు, తిన్న నాలుగైదు గంటలకి ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం. మటన్ బిర్యానీ లేకుండా బతికేస్తావా నువ్వు? బట్టలకి ముందు రోజే పర్మెత్రిన్ అనే పురుగుమందు కొట్టి ఆరబెట్టు, ఒంటికి కాదు, బట్టలకే. ప్యాంటు సాక్సుల్లోకి దోపుకో. ఇంటికొచ్చాక స్నానం చేసి, నడుం దగ్గర, మోకాళ్ల వెనక చూసుకో.

గడ్డం (రొమ్ము మీద వేలాడే వెంట్రుకల్లాంటి ఈకల కుచ్చు) ఉన్న పక్షినే కొట్టాలి, మొదటి వారం ఒక్కటే, అదే రోజు రాత్రి 10 లోపు టెలిచెక్‌లో (కొట్టిన పక్షిని రాష్ట్రానికి నమోదు చేసే పద్ధతి) చెప్పాలి. మొక్కజొన్న చల్లిన చోట వేట నిషేధం. ఈ రూల్స్ చూసి విసుక్కోకు, 1950ల మొదట్లో ఈ రాష్ట్రంలో మిగిలిన టర్కీలు రెండున్నర వేలు, మళ్లీ పెంచి 1960లో గానీ వసంతకాలం వేట తెరవలేదు. ఏటా రూల్‌బుక్ మారుతుంది, కొత్తది చూసుకో.

కూర సంగతి నాకొదిలెయ్. రొమ్ము మాంసం పల్చగా కోసి మిరియాల వేపుడు, కాళ్లు మాత్రం నరాల మయం, కుక్కర్లో తక్కువ మంట మీద ముప్పావు గంట పెట్టి గోంగూరలో వేస్తే తింటున్నది నాటుకోడి కాదని ఎవడూ అనలేడు. సీసం గింజలు చూసుకుని తీసెయ్యాలి, పన్ను విరుగుతుంది.

ఏప్రిల్ మూడో సోమవారం సీజన్ మొదలు. లైసెన్స్ వచ్చినా గన్ కొనకుండా ముందు శనివారం రా, నా రెండు గన్‌లూ పేపర్ మీద కాల్చి చూద్దాం, ఏది నీ భుజానికి కుదిరితే అదే రకం కొనుక్కుందువు గాని. సోమవారం తెల్లారుజామున 4 గంటలకి బయల్దేరాలి, ఆఫీసుకి సెలవు ముందే పెట్టుకో. ఆ తెల్ల స్నీకర్లు మాత్రం ఇంట్లో వదిలి రా.

మామయ్య