రాత్రి ఆర్‌టీ షాట్లు తీస్తుంటే ఎన్ని మీటర్ల దూరంలో ఉండాలి?

పైడిభీమవరం దగ్గర ఫ్యాబ్రికేషన్ యార్డులో గ్రైండింగ్ పని, రాత్రిళ్లు వెల్డింగ్ జాయింట్లకి ఆర్‌టీ (రేడియోగ్రఫీ, అంటే జాయింటు లోపల ఎలా ఉందో చూసే ఎక్స్‌రే లాంటి ఫోటో) తీస్తారు, ఎవరూ దాటకుండా హద్దుగా తాడు కట్టిన దగ్గరే కూర్చుంటాం, ఆ దూరం చాలునా అని మీరు అడిగారు. నాదీ పక్కనే, విజయనగరం జిల్లా. రేడియోగ్రఫీయే నా పని. సోర్స్ (కిరణాలిచ్చే ముక్క) ఎన్ని క్యూరీలు (దాని బలానికి కొలత), వారం మొత్తంలో అది కెమెరా (దాన్ని దాచి ఉంచే పెట్టె) బయట ఎంతసేపుంటుంది, ఈ రెండూ అడక్కుండా ఎవరైనా "ఇరవై మీటర్లు చాలు" అంటే నమ్మకండి.

సైట్లలో ఎక్కువగా వాడేది ఇరిడియం-192. ఒక క్యూరీకి, ఒక మీటరు దూరంలో, గంటకి సుమారు 5 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్‌కి కొలత, ఒక మిల్లీ అంటే వెయ్యి మైక్రోలు). 20 క్యూరీలుంటే మీటరు దగ్గర గంటకి 100. అక్కణ్నుంచి దూరాన్ని దాంతోనే హెచ్చవేసి, వచ్చినదాంతో భాగించడమే. 10 మీటర్ల దగ్గర 1 మిల్లీసీవర్టు, 100 మీటర్ల దగ్గర 10 మైక్రోసీవర్టులు. కిరణాలు అన్ని వైపులకీ విచ్చుకుంటాయి కదా, దూరం రెండింతలైతే అవే కిరణాలు నాలుగింతల వైశాల్యానికి సర్దుకోవాలి.

ఇక పరిమితి సంగతి. రేడియేషన్ కొలిచే బ్యాడ్జీ పెట్టుకుని పనిచేసే మాకు ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ బోర్డు) ఇచ్చింది ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు. బ్యాడ్జీ లేని మీకు 1. ఏడాదికి 50 వారాలనుకుంటే మీ వాటా వారానికి 20 మైక్రోసీవర్టులు. షాట్‌కి 3 నిమిషాలు, వారానికి 10 షాట్లు అనుకోండి, మొత్తం అరగంట. అరగంటలో 20 దాటకూడదంటే మీరున్న చోట గంటకి 40 మించకూడదు. మీటరు దగ్గరున్న 1,00,000 మైక్రోసీవర్టులని 40తో భాగిస్తే 2,500, దాని వర్గమూలం 50. యాభై మీటర్లన్నమాట. అవే పది షాట్లు వారానికి ఆరు రాత్రులూ తీస్తే మూడు గంటలవుతుంది, అప్పుడు దూరం 122 మీటర్లకి పోతుంది. సోర్స్ మారలేదు, పని పెరిగిందంతే. ఇదంతా మధ్యలో అడ్డేమీ లేదనుకుని వేసిన లెక్క. టంగ్‌స్టన్ కొలిమేటర్ (కిరణాల్ని ఒక వైపుకే వదిలే తొడుగు) పెట్టి, కిరణాలు మనుషుల్లేని వైపు పోయేలా చూసుకుంటే తాడు చాలా దగ్గరికి తెచ్చుకోవచ్చు.

ఇరిడియం 74 రోజులకి సగమవుతుంది. 20 కాస్తా 10 క్యూరీలైందని తాడు కూడా సగం దూరానికి జరిపేసేవాళ్లని చూశాను. అది తప్పు. 50 మీటర్లు 35 అవుతుంది గానీ 25 కాదు.

బొబ్బిలి వైపు ఒక బాయిలర్ పనిలో ముసలి వాచ్‌మన్ ఒకాయన గాలి తగలకుండా పైపుల చాటున, తాడుకి ఇవతల మా వైపు కుర్చీ వేసుకున్నాడు. లెమ్మంటే "ఏటవుద్ది బావూ, ఏడి లేదు, ఎలుగు లేదు" అన్నాడు. తాడు అవతలకి తీసుకెళ్లి రేడియేషన్ చూపించే సర్వే మీటరు చేతికిచ్చాను. మావాడు సోర్స్‌ని బయటికి తోసే క్రాంక్ తిప్పగానే ముల్లు ఒక్కసారి పైకి ఎగిరింది, సోర్స్ గైడ్ ట్యూబ్ అనే గొట్టంలోంచి పోతున్నంతసేపూ దానికి అడ్డేమీ ఉండదు. కొలిమేటర్లోకి చేరాక కిందికి దిగి నిలబడింది. వెనక్కి లాగేటప్పుడు మళ్లీ ఎగిరింది. ఆ తరవాత తాడు దాటబోయిన వాళ్లని తిట్టే పని ఆయనే చూసుకున్నాడు.

అసలు ప్రమాదమంతా దగ్గరి దూరాల్లోనే. 1 నుంచి 2 మీటర్లకి జరిగితే నాలుగింట మూడొంతులు పోతుంది. 50 నుంచి 51కి జరిగితే నూటికి నాలుగు. అదే లెక్క వెనక్కి తిప్పి 1 సెంటీమీటరుకి రండి, మీటరు దగ్గర ఉన్నదానికి పదివేల రెట్లు. 20 క్యూరీలకి సెకనుకే పావు సీవర్టు పైన. 1999లో పెరూలోని యనాంగో జలవిద్యుత్ కేంద్రంలో ఊడిపడిన ఇరిడియం సోర్స్‌ని ఒక వెల్డర్ అదేమిటో తెలియక ప్యాంటు వెనక జేబులో వేసుకున్నాడు. కాలు తీసేయాల్సి వచ్చింది. మీ యార్డులో పొట్టి స్టీలు ముక్క కొత్తగా కనబడితే, ముఖ్యంగా ఆర్‌టీ జరిగిన మర్నాడు, ముట్టుకోకుండా దూరం జరిగి, ఎవర్నీ పోనివ్వకుండా ఆర్‌టీ వాళ్లకి కబురు పెట్టండి.

ఈ సూత్రం చిన్న బిందువు లాంటి సోర్స్‌కే. మన కళింగపట్నం, భావనపాడు ఇసకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో కిరణాలిచ్చే థోరియం. అక్కడ సోర్స్ తీరం పొడవునా పరుచుకుని ఉంది కాబట్టి నాలుగడుగులు జరిగితే వర్గం లెక్కన తగ్గేదేమీ ఉండదు. షెడ్డులో అయితే గోడలకీ నేలకీ తగిలి చెదిరి వచ్చేదీ కలుస్తుంది. అందుకే తాడు ఎక్కడ కట్టాలో లెక్క చెబుతుంది, అక్కడే ఉండనివ్వాలో లేదో మీటరు తేలుస్తుంది.

ఈ రాత్రి ఆర్‌టీ వాళ్లని అడగండి, ఇవాళ సోర్స్ ఎన్ని క్యూరీలు, షాట్ నడుస్తుండగా తాడు దగ్గర మీటరు ఎంత చూపిస్తోంది అని. పని తెలిసినవాడైతే వెంటనే చెబుతాడు. విసుక్కుంటే మీరే ఇంకో వంద మీటర్లు వెనక్కి పోయి టీ తాగండి, గ్రైండింగ్ ఎక్కడికీ పోదు.