టెక్ సందేహాలు: అటక మీద నుంచి దిగిన వాక్యూమ్ క్లీనర్లు

దసరాకు బూజు దులిపే వేళ అటక మీది సామాను కిందికి దిగుతుంది. అందుకే కాబోలు, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం పాత వాక్యూమ్ క్లీనర్ల గురించే. అత్తగారిది ఒకటి, పెదనాన్నగారిది ఒకటి, అమెరికా నుంచి అబ్బాయి తెచ్చింది ఒకటి. కొత్త ఫోన్ల సంగతులు వచ్చే వారానికి వాయిదా వేసి, ఈ వారం చోటంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా అత్తగారు 1991లో ఇంటికి వచ్చిన సేల్స్‌మన్ దగ్గర కొన్న వాక్యూమ్ క్లీనర్ ఆవిడ పోయాక నా దగ్గరికి వచ్చింది. స్విచ్ వేస్తే తిరుగుతోంది గానీ, వెనుక జాలీలోంచి నీలం మెరుపులు కనిపిస్తున్నాయి, కాలిన వాసన వస్తోంది. మావారు పాత సామాన్లకు వేసేద్దామంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. బాగవుతుందా? (గృహిణి, రాజమహేంద్రవరం)

జవాబు: పాత సామాన్లకు వేయకండి. అయితే ఎవరికైనా చూపించేదాకా మళ్లీ ప్లగ్గులో పెట్టకండి.

మీ వంటింట్లోని మిక్సీలో ఉన్న మోటారూ, దీనిలో ఉన్న మోటారూ ఒకే జాతివి. యూనివర్సల్ మోటారు అంటారు. తిరిగే తీగచుట్టకు (ఆర్మేచర్) కరెంటు అందించడానికి రెండు వైపులా రెండు కార్బన్ ముక్కలు స్ప్రింగు బలంతో దాని చివరనున్న రాగి పలకల వలయాన్ని (కమ్యుటేటర్) ఒరుసుకుంటూ ఉంటాయి. పలక మీద బలపంలా ఇవి అరగడానికే ఉన్నాయి. బాగా అరిగి పొట్టివైతే స్ప్రింగు పట్టు సడలుతుంది, కార్బన్ రాగి మీద కుదురుగా నిలవకుండా ఎగిరి పడుతుంది. మీరు చూసిన నీలం మెరుపు చాలావరకు అదే. మీ ఊళ్లో మిక్సీలు బాగుచేసే వారెవరైనా ఈ పని చేయగలరు.

ఆయన యంత్రం విప్పినప్పుడు మీరూ పక్కన నిలబడి చూడండి. కార్బన్ ఐదారు మిల్లీమీటర్లకు తగ్గి ఉంటే రెండూ కలిపి మార్చాలి, ఒక్కటే మారిస్తే లాభం లేదు. పాత ముక్కను దుకాణానికి పట్టుకెళ్లి అదే మందం, అదే వెడల్పు ఉన్నవి తీసుకోవాలి. కమ్యుటేటర్ కాఫీ పొడి రంగులో నున్నగా ఉంటే అది మురికి అనుకుని తళతళలాడేలా తోమనివ్వకండి. ఆ పల్చని పొర వల్లే కార్బన్ ఎక్కువ కాలం మన్నుతుంది. రాగి పలకల్లో ఒకటి రెండు మాత్రమే మాడి నల్లబడి ఉన్నా, మెరుపు కార్బన్ దగ్గర ఆగకుండా కమ్యుటేటర్ చుట్టూ వలయంలా తిరుగుతున్నా లోపం ఆర్మేచర్ వైండింగ్‌లో, అంటే దాని తీగచుట్టలో ఉన్నట్టు. అప్పుడు ఖర్చు పెరుగుతుంది, ఆలోచించుకోవాలి.

ఫ్యాన్‌ను వేలితో తిప్పి చూడమనండి. చప్పుడు లేకుండా తిరగాలి. ఇసుక నలిగినట్టు వినిపిస్తే బేరింగు పోయింది. దాని మీద నంబరు ఉంటుంది, ఆ నంబరు చెబితే కొత్తది దొరుకుతుంది. 608 అని ఉంటే మరీ సులువు: లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి చుట్టు 22. పిల్లల స్కేటింగ్ చక్రాల్లో ఉండేదీ ఇదే కొలత. కొలత కలిసింది కదా అని ఆ స్కేటింగ్ బేరింగే వేయించకండి, మోటారు వేగాన్ని తట్టుకునే రకం అడిగి తీసుకోండి.

నిజానికి మోటారు కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది తీగ. ముప్పై ఏళ్లు దాటిన తీగను వేళ్ల మధ్య వంచి చూడండి. పైతొడుగు బిరుసెక్కి సన్నని పగుళ్లు కనిపిస్తే మరో మాట లేకుండా ప్లగ్గుతో సహా మార్పించండి. తీగ యంత్రం లోపలికి చుట్టుకుపోయే రకమైతే మొత్తం బయటికి లాగి చివరిదాకా చూడాలి, ఎందుకంటే రోజూ సగమే లాగి వాడతాం, మిగతా సగాన్ని ఏళ్ల తరబడి ఎవరూ చూడరు. ఇంట్లో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) లేకపోతే ఈ సందర్భంలో పెట్టించుకోండి.

కాలిన వాసనకు ఇంకో కారణమూ ఉండవచ్చు. ఇలాంటి చాలా యంత్రాల్లో లోపలికి పీల్చిన గాలే మోటారును చల్లబరుస్తూ బయటికి పోతుంది. సంచి నిండినా, గొట్టంలో గుడ్డ ముక్క అడ్డుపడినా ఆ గాలి అందదు. అప్పుడు చప్పుడు సన్నగా, కీచుమని పెరుగుతుంది. మోటారు కష్టపడుతోందనుకుంటాం గానీ, లాగడానికి గాలి లేక తేలికగా, ఇంకా వేగంగా తిరుగుతోందన్న మాట. చల్లబరిచే గాలి లేకుండా అంత వేగంగా తిరిగితే వైండింగ్ మాడుతుంది. చప్పుడు మారిన వెంటనే ఆపేయడం అలవాటు చేసుకోండి.

సేల్స్‌మన్ ప్రస్తావన తెచ్చారు కాబట్టి ఒక ముచ్చట. 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ మన దేశంలో ఈ యంత్రాలను ఇంటింటికీ తిరిగి అమ్మింది. సేల్స్‌మన్ మన పరుపు మీదే యంత్రం నడిపి, గొట్టం దగ్గర పెట్టిన తెల్లగుడ్డ మీద పేరుకున్న దుమ్ము చూపించేవాడు. నిన్ననే దులిపిన పరుపులో అంత దుమ్మా అని ఇంట్లో వాళ్లు నోరు వెళ్లబెట్టేవారు. దానికి ఎనభై ఏళ్ల ముందే లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజినీరు ఒక రెస్టారెంట్ కుర్చీ మీద చేతిరుమాలు పరిచి, దాని మీద నోరు పెట్టి గట్టిగా పీల్చి చూశాడు. రుమాలు అడుగున దుమ్ము అంటుకుంది. 1901లో ఆయన పేటెంటు తీసుకున్న యంత్రానికి మూలం ఆ ఆలోచనే. మీ అత్తగారు చూసి నమ్మింది ఆ రుమాలు పరీక్షనే. ఆవిడ ఆలోచించి కొన్న వస్తువు రెండు కార్బన్ ముక్కల కోసం ఇల్లు దాటిపోకూడదు.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. పక్కింటి పెద్దావిడ తన తల్లి వాడిన కిర్బీ వాక్యూమ్ క్లీనర్‌ను వాడికి ఇచ్చింది. వాడు ఇల్లు మారుతూ దాన్ని మాకు పంపాడు. ప్లగ్గు మార్చి వాడుకోవచ్చా? (విశ్రాంత ఉపాధ్యాయులు, నిజామాబాద్)

జవాబు: మాస్టారూ, ప్లగ్గు మార్చి పెట్టారంటే క్షణాల్లో కాలిపోతుంది. అది 120 వోల్టుల కరెంటుకు చేసినది, మనది 230. వోల్టేజి రెట్టింపుకు దగ్గరైతే మోటారు మీద పడే భారం లెక్క ప్రకారం దాదాపు మూడున్నర రెట్లు దాటుతుంది. వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. యంత్రం వెనుక రేకు మీద ఎన్ని ఆంపులో రాసి ఉంటుంది, దాన్ని 120తో గుణించండి. 7 ఆంపులైతే 840 వాట్లు. మోటారు మొదలయ్యేటప్పుడు ఎక్కువ లాగుతుంది కాబట్టి 1500 వీఏ (వోల్ట్ ఆంపియర్ల) ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోవడం మంచిది. కిర్బీ ఒళ్లంతా అల్యూమినియం, పాతవాటికి ఎర్త్ పిన్ను ఉండకపోవచ్చు. అందుకే రెండు వైండింగులూ విడివిడిగా ఉండే ఐసొలేషన్ రకం ట్రాన్స్‌ఫార్మర్ అడగండి. ప్రయాణాలకు అమ్మే తేలికపాటి కన్వర్టర్లు మోటార్లకు పనికిరావు. అక్కడ కరెంటు సెకనుకు 60 ఆవృతాలు, ఇక్కడ 50 అని కంగారు పడకండి. ఈ జాతి మోటారుకు ఆ తేడా పట్టదు.

మరో సంగతి. మీ ఊళ్లో ఎక్కువ మంది చూసిన డబ్బా రకంలో దుమ్ము ముందు సంచిలో పడుతుంది, శుభ్రమైన గాలే ఫ్యాన్ దాకా వెళుతుంది. కిర్బీలో అలా కాదు. దుమ్ము నేరుగా ఫ్యాన్ గుండా వెళ్లి ఆ తర్వాత సంచిలో పడుతుంది. మేకో నాణెమో లోపలికి వెళితే ఫ్యాన్ రెక్క విరగవచ్చు. నడిపే ముందు నేల చూసుకోండి. ఒక మాట నిజాయతీగా చెప్పాలి: ఇది గోడ నుంచి గోడ దాకా కార్పెట్ పరిచిన ఇళ్ల కోసం చేసిన యంత్రం. టైల్సు నేల మీద దీని గొప్ప కనబడదు. పరుపులకూ, సోఫాలకూ గొట్టం తగిలించి వాడితే మాత్రం దాని బలం తెలుస్తుంది. తల్లి వాడిన వస్తువును పక్కింటి తెలుగు కుర్రాడి చేతిలో పెట్టిన ఆ పెద్దావిడకు, మీ ఇంట్లో అది నడుస్తున్నప్పుడు తీసిన వీడియో ఒకటి పంపండి.

ప్రశ్న: పెదనాన్నగారి పాత వాక్యూమ్ క్లీనర్ బాగా లాగుతుంది. కానీ అది నడిపిన రోజు మా పాపకు ఉబ్బసం ఎక్కువవుతోంది. శుభ్రం చేసే యంత్రం వల్ల ఇలా ఎందుకు? (గుంటూరు)

జవాబు: తప్పు గుడ్డ సంచిది. కంటికి కనిపించే దుమ్మును అది ఆపుతుంది. పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోయే అతి సన్నని ధూళి మాత్రం దాని నేత సందుల్లోంచి వెనుక జాలీ ద్వారా గదిలోకే తిరిగి వస్తుంది. నేల మీద కదలకుండా ఉన్నదాన్ని గాల్లోకి లేపినట్టవుతుంది.

ఇంట్లో వాడే యంత్రం పుట్టిందే ఉబ్బసం వల్ల. అమెరికాలో ఒహాయో రాష్ట్రం కాంటన్ పట్టణంలో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ అనే ఆయన రాత్రిపూట ఒక దుకాణం ఊడ్చే పని చేసేవాడు. చీపురు దుమ్ముకు దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. ఫ్యాన్ మోటారు, సబ్బుల పెట్టె, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి ఒక యంత్రం తయారు చేసుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది, దాన్ని హూవర్ కుటుంబం కొన్నది. ఆ దిండు గలీబు వారసత్వమే మీ గుడ్డ సంచి.

ఇప్పుడు దొరికే హెపా ఫిల్టర్లు 0.3 మైక్రాన్ల కణాలను కూడా 99.97 శాతం ఆపుతాయి. కానీ పాత యంత్రం జాలీకి హెపా షీటు అంటిస్తే సరిపోదు. సందుల్లోంచి గాలి తప్పించుకుపోతుంది, మోటారుకూ గాలి ఆడదు. పాప ఉన్న ఇంట్లో ఆ యంత్రాన్ని పడకగదిలో వాడకండి. పాప ఉండే గదులకు, ఫిల్టరు గుండా తప్ప గాలి బయటికి పోకుండా మూసిన హెపా యంత్రం తీసుకోండి, లేదా తడిగుడ్డతో తుడవండి. పెదనాన్నగారి యంత్రం కారుకూ, వరండాకూ ఉంచుకోండి. సంచి ఖాళీ చేసేది ఇంటి బయట, పాప లేనప్పుడు. ముగ్గుపిండి, పసుపు, విభూతి దీనితో ఎప్పుడూ లాగకండి, ఆ పొడి గుడ్డ రంధ్రాలను పూడ్చేస్తుంది.

ప్రశ్న: మా పాతది 800 వాట్లే. దుకాణంలో 2000 వాట్లవి చూపించారు. మాది బలహీనమైనదా? (కర్నూలు)

జవాబు: వాట్లు కరెంటు మీటరుకు సంబంధించిన లెక్క, పీల్చే బలం లెక్క కాదు. ఐరోపా సమాఖ్య 2014లో ఈ యంత్రాలకు 1600 వాట్ల హద్దు పెట్టింది, 2017లో దాన్ని 900కి దించింది. అక్కడి ఇళ్లు మురికిపడలేదు. ముందు మీ గొట్టం చివరను అరచేత్తో మూసి, చిల్లుల్లోంచి గాలి లాగుతోందేమో చూడండి.

ప్రశ్న: దీనితో కంప్యూటర్ లోపలి దుమ్ము తీయవచ్చా? (ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్)

జవాబు: వద్దు. ప్లాస్టిక్ గొట్టంలో దుమ్ము రాసుకుంటూ పోయేటప్పుడు స్థిర విద్యుత్తు పుడుతుంది. అది మదర్‌బోర్డు మీద చిప్పులకు ముప్పు. మెత్తని కుంచెతో దుమ్ము వదిలించి, అది బయటికి రాలాక నేల మీద నుంచి యంత్రంతో లాగండి. ఫ్యాన్ల మీద గాలి కొట్టేటప్పుడు రెక్క కదలకుండా వేలితో పట్టుకోండి.

ప్రశ్న: నాజిల్ విరిగింది. కంపెనీ ఆ మోడల్ ఎప్పుడో ఆపేసింది. (అనంతపురం)

జవాబు: గొట్టం చివర కొలవండి. చాలావాటికి 32 లేదా 35 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ కొలతకు ఏ కంపెనీ నాజిలైనా సరిపోతుంది. ఈ రెండు కొలతలకూ కలవకపోతే విరిగిన ముక్కలను త్రీడీ ప్రింటింగ్ చేసేవారి దగ్గరికి తీసుకెళ్లండి. వెర్నియర్ కొలబద్దతో కొలిచి అడాప్టరు చేసిస్తారు. అక్కడ చేయించిన డిజైను ఫైలు అడిగి దాచుకోండి.

ప్రశ్న: అమ్మ యంత్రం పక్కన పెట్టి రోబో వాక్యూమ్ కొందామనుకుంటున్నాను. మంచి నిర్ణయమేనా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్)

జవాబు: రోజూ నేల ఊడ్చే పనికి రోబో మంచిదే. కానీ మీ అమ్మాయికి ఇవ్వగలిగే వస్తువు అనుకుని కొనకండి. దానికి బ్యాటరీ, యాప్, కంపెనీ సర్వర్ అన్నీ బతికి ఉండాలి. నియాటో అనే రోబోల కంపెనీ 2023లో మూతపడింది. యంత్రాలు చెడిపోకపోయినా, వాటిని కొన్నవాళ్లు సర్వర్లు ఎంతకాలం నడుస్తాయోనని ఎదురుచూడాల్సి వచ్చింది. కొనే ముందు, ఇంటర్నెట్ లేకుండా మీట నొక్కితే ఊడుస్తుందా, బ్యాటరీ విడిగా దొరుకుతుందా అని అడగండి. బూజు, పరుపులు, సోఫా మూలలు రోబోకు అందవు. అమ్మ యంత్రం వాటికి కావాలి, పక్కన పెట్టకండి.

ప్రశ్న: మాది వైండింగ్ మొత్తం మాడిపోయింది. ఇక ఏం చేయాలి? (తిరుపతి)

జవాబు: చెత్తబండిలో వేయకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల కిందికి వాక్యూమ్ క్లీనర్లు కూడా వస్తాయి. అనుమతి ఉన్న సేకరణ కేంద్రానికే ఇవ్వండి. ఇచ్చే ముందు గొట్టం, నాజిళ్లు, చక్రాలు, సంచి బిగించే చట్రం విప్పి, మోడల్ నంబరు రాసి ఒక సంచిలో కట్టి, మీకు తెలిసిన మిక్సీ రిపేరు దుకాణంలో ఇవ్వండి. అదే మోడల్ పట్టుకుని విరిగిన క్లిప్పు కోసం తిరుగుతున్నవాళ్లు ఆ దుకాణానికే వస్తారు.