రూబిక్స్ క్యూబ్ నిమిషంలో కలిపేవాళ్లు, సుడోకు పెన్నుతో నింపేవాళ్లు జీనియస్‌లేనా?

కాదు. ఈ మాటకి క్యూబ్ తిప్పే పిల్లల కన్నా వాళ్ల అమ్మానాన్నలకే ఎక్కువ కోపం వస్తుంది. అయినా కాదు.

నమ్మకం కుదరకపోతే కలిపి ఉన్న క్యూబ్ ఒకటి చేతిలోకి తీసుకోండి. కుడి నిలువు వరస పైకి, పై వరస ఎడమకి, కుడి వరస కిందికి, పై వరస కుడికి. ఈ నాలుగు తిప్పులూ ఒక విడత. మొదటి విడతకే క్యూబ్ చెదిరిపోతుంది. అలా మొత్తం ఆరు విడతలు తిప్పండి, క్యూబ్ మళ్లీ కలిసిపోయి కూర్చుంటుంది. ఇందులో మీ మెదడు చేసిన పనల్లా ఆరు దాకా లెక్కపెట్టడమే. చూసేవాళ్లు మాత్రం నోరెళ్లబెడతారు.

నేర్చుకునేవాళ్లు బోల్తాపడేది చివరి మెట్టు దగ్గర. పసుపు వైపు పైన ఉంది, మూలలు వాటి వాటి చోట్లకి వచ్చేశాయి కానీ కొన్ని మెలితిరిగి ఉన్నాయి. అలాంటి మూలని కుడి ముందు భాగంలో పైన ఉంచుకుని, కుడి వరస కిందికి, అడుగు వరస ఎడమకి, కుడి వరస పైకి, అడుగు వరస కుడికి తిప్పాలి. ఆ మూల పసుపు పైకి వచ్చేదాకా ఇదే. రెండు విడతలు పడుతుంది, లేదా నాలుగు. ఈలోగా కింద అంతా చెదిరిపోతుంది. సరిగ్గా ఇక్కడే చాలామంది ‘అయ్యో, పాడైపోయింది’ అని వెనక్కి తిప్పేస్తారు. మరికొందరు తర్వాతి మూల కోసం క్యూబ్‌నే చేతిలో తిప్పేసుకుంటారు. రెండూ తప్పే. పై వరస ఒక్కటే తిప్పి తర్వాతి మూలని అదే చోటికి తెచ్చుకోవాలి. మెలితిరిగిన మూలలన్నీ సరయ్యేసరికి మొత్తం విడతలు ఆరో, పన్నెండో, ఎప్పుడూ ఆరు గుణిజమే అవుతాయి. ఆరు విడతలకి అన్నీ మొదటికొస్తాయని పైన చూశాం కదా, ఈ నాలుగు తిప్పులకీ అదే సూత్రం. అందుకే కింది భాగం దానంతటదే సర్దుకుంటుంది. ఇక మిగిలేది పై వరసని సరిచేసుకోవడమే.

ఒకే ఒక్క మూల మెలితిరిగి మిగిలిందా? మీ తప్పు కాదు, ఎవరో దాన్ని చేత్తో మెలిపెట్టారు, లేదా క్యూబ్ కింద పడింది. ఏ ఫార్ములా, అంటే ఏ తిప్పుల వరసా, పనిచేయదు. విప్పేసి ముక్కల్ని తోచినట్టు బిగిస్తే పన్నెండింట ఒక్కసారే కలిసే క్యూబ్ వస్తుంది. బొటనవేలితో మూలని మెలిపెట్టేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇప్పుడు అసలు సంగతి. 1974లో బుడాపెస్ట్‌లో ఎర్నో రూబిక్ ఈ క్యూబ్ తయారుచేసి, తిప్పేసి, మళ్లీ కలపలేకపోయాడు. తన బొమ్మని తనే కలపడానికి దాదాపు నెల పట్టింది! అడగడానికి మనిషి లేడు, వీడియో లేదు, ఫార్ములా అన్నమాటే లేదు. 43 పక్కన 18 సున్నాలు పెడితే ఎంతో, ఇంచుమించు అన్ని అమరికలు. ముందు మూలల్ని పట్టుకుని, కొన్ని ముక్కలే కదిలి మిగతావి కదలని తిప్పులు ఒక్కొక్కటీ వెతుక్కున్నాడు. 2023లో మాక్స్ పార్క్ అనే పోటీదారు 3.13 సెకన్లలో కలిపాడు. అద్భుతమే, ఆ వేళ్లకి దండం పెట్టాలి. కానీ ఆ నెలరోజులు లేకపోతే ఈ మూడు సెకన్లు లేవు. పోటీల్లో ఎక్కువమంది వాడే పద్ధతిలో చివరి వరస కోసం బట్టీపట్టేవి 57 ఫార్ములాలు, ఇంకో 21. గట్టి పట్టుదల కావాలి, ఒప్పుకుంటాను. ఎక్కాలు వచ్చినంత మాత్రాన ఎవరినీ గణిత మేధావి అనం కదా.

చదరంగం వాళ్లు ‘మాది వేరు’ అంటారు. 1973లో చేజ్, సైమన్ అనే పరిశోధకులు ఆటగాళ్లకి బోర్డుని ఐదు సెకన్లు చూపించి పావుల్ని గుర్తుపెట్టుకుని పేర్చమన్నారు. నిజమైన ఆటలోని అమరికైతే మాస్టర్ అదరగొట్టాడు. పావుల్ని ఇష్టమొచ్చినట్టు చల్లితే ఆ ఆధిక్యం దాదాపు మాయమైంది. అది అలవాటైన అమరికల జ్ఞాపకం, అంతే.

సుడోకు వాళ్లకి నేను చెప్పేది గణిత శాస్త్రజ్ఞుడు ఆయిలర్ కథ. సుడోకులో చిన్న డబ్బాలు తీసేస్తే మిగిలేది లాటిన్ చదరం, ఆయన చేతిలో బాగా నలిగినదే. 1782లో అచ్చయిన వ్యాసంలో ఒక చిక్కుముడి పెట్టాడు: ఆరు రెజిమెంట్లు, ఆరు హోదాలు, ప్రతి రెజిమెంట్ నుంచి ఒక్కో హోదాకి ఒకరు చొప్పున 36 మంది అధికారులు. ప్రతి అడ్డు వరసలో, నిలువు వరసలో ప్రతి రెజిమెంటూ, ప్రతి హోదా ఒక్కసారే వచ్చేలా నిలబెట్టాలి. కుదరదన్నాడు. అక్కడితో ఆగకుండా ఆరు బదులు 10, 14, 18 పెట్టినా కుదరదని ఊహించాడు. ఆరు సంగతి నిజమేనని 1901లో టారీ అన్నీ సరిచూసి తేల్చాడు. మిగతాది తప్పని బోస్, శ్రీఖండే, పార్కర్ చూపించేసరికి 1959 వచ్చింది. అంటే 177 ఏళ్లు నిలబడ్డ తప్పు! మన సుడోకు వీరుడు జన్మలో అంత గొప్ప తప్పు చేయలేడు. అతనికి జవాబు చివరి పేజీలో ఉంటుంది, ఆయిలర్‌కి ఆ పేజీయే లేదు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ‘8 ÷ 2(2 + 2) ఎంత? 99 శాతం మంది ఫెయిల్!’ అని పంపేవాళ్లున్నారే, వాళ్లని ఏ లెక్కలోనూ వేయకండి. ఒకటి అనేవాళ్లకీ, పదహారు అనేవాళ్లకీ తెలివిలో తేడా లేదు. రాసినవాడు ఇంకో జత బ్రాకెట్లు పెట్టలేదు, అంతే సంగతి.

మీ పిల్లాడిలో జీనియస్ ఉన్నాడో లేదో చూడాలనుంటే టైమర్ పక్కన పెట్టండి. ఫార్ములాలు చూడకుండా, మూడే మూలలు చోటు మారి మిగతావన్నీ కదలకుండా ఉండే తిప్పుల వరస ఒకటి సొంతంగా కనిపెట్టమనండి. దారి చెబుతాను: పై వరసలో ఒక్క మూలని మాత్రమే మార్చే మూడు తిప్పులు వెతకాలి, పై వరసని ఒకసారి తిప్పాలి, ఆ మూడింటినీ వెనక్కి తిప్పాలి, పై వరసని యథాస్థానానికి తేవాలి. వారం పట్టినా ఫర్వాలేదు. స్టిక్కర్లు పీకి అంటించడం మాత్రం ఒప్పుకోవద్దు.